ఆరు గ్లాసుల అబద్ధం

పొద్దున్నే అయిదింటికి ఆ ఇంట్లో ముందుగా వెలిగేది వంటింటి దీపం. అత్తగారు అప్పటికే లేచి, పాలు కాచి, పెద్ద గ్లాసులో పోసి, బల్ల మీద పెట్టి ఉంచుతుంది. కోడలు యూనిఫాం చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చేసరికి పాలు గోరువెచ్చగా, తాగడానికి సరిగ్గా ఉంటాయి. ఆ రోజూ అలాగే ఉన్నాయి.

"తాగేసెయ్ అమ్మడూ, మీగడ కట్టకముందే."

కోడలు గ్లాసు అందుకుంది. అత్తగారు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చివరి గుక్క దాకా చూసి, ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంటే గానీ ఆవిడకి తెల్లారినట్టుండదు.

"మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో! రేపట్నుంచి ఇంకో అరగ్లాసు పోస్తాను."

"అయ్యో, ఇదే బోలెడత్తయ్యా."

"అంత బస్సు తిప్పేదానివి. బలం ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావ్, గాల్లోంచా?"

కోడలు నవ్వి, చెప్పులు తొడుక్కుని బయటపడింది. లిఫ్టు మెకానిక్కయిన ఆమె భర్త ఇంకా దుప్పటి ముసుగులోనే ఉన్నాడు.

ఆ గ్లాసు వెనక పన్నెండేళ్ల కథ ఉంది. కోడలు చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని హాస్టళ్లలో పెరిగిన పిల్ల. పెళ్లయిన ఏడాదికి బస్సు డ్రైవరు ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటే చుట్టాలంతా నోళ్లు నొక్కుకున్నారు. భర్త కూడా అవుననలేక, కాదనలేక నీళ్లు నమిలాడు. అప్పుడు అత్తగారు ఓ అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుగా పనిచేసేది. దిద్దుతున్న కాగితాల మీంచి తలెత్తి, "కారు నడిపితే గొప్ప, బస్సు నడిపితే తప్పూనా? పెట్టు దరఖాస్తు" అంది. శిక్షణ మొదలైన రోజున ఎవరి నిద్రా చెడగొట్టకుండా వెళ్లిపోదామని కోడలు పిల్లిలా వంటింట్లో అడుగుపెడితే, అక్కడ అత్తగారు నిలబడి ఉంది. బల్ల మీద పాల గ్లాసుంది. తన కోసం ఒకరు నిద్ర మానుకుని లేవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఆ పాలు చుక్క మిగల్చకుండా తాగింది.

మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. గత అయిదేళ్ల నుంచే కడుపు తిరగబడడం మొదలైంది. ఆరున్నరకల్లా పొట్ట బిగదీసుకుని, లోపల ఎవరో బకెట్లు దొర్లిస్తున్నట్టు చప్పుళ్లు. ఏడుకల్లా మెలిపెట్టే నొప్పి. ఆ తర్వాత పరుగే పరుగు. ఆమె నడిపే పద్నాలుగో నెంబరు బస్సు దారిలో ఎక్కడెక్కడ బాత్రూములున్నాయో ఆమెకి కంఠతా వచ్చు. పెట్రోలు బంకు, లైబ్రరీ, మందుల షాపు వెనక గది. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో చెప్పలేకపోయినా, ఏ బాత్రూం తాళం ఎవరి దగ్గరుంటుందో చెప్పగలదు.

ఆ రోజు మాత్రం లెక్క తప్పింది. పాత వంతెన దాటేసరికి నొప్పి నడుములోకి పాకింది. బస్సులో నలభై మంది. కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. ఆమె స్టాపు రాకముందే బస్సుని పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, "రెండు నిమిషాలండీ" అని అరిచి, ఎదురుగా ఉన్న టైర్ల దుకాణంలోకి పరిగెత్తింది. రెండు నిమిషాలు పదకొండయ్యాయి. తిరిగొచ్చేసరికి సగం మంది దిగిపోయారు. ఒకాయన సెల్‌ఫోన్ ఎత్తిపట్టుకుని వీడియో తీస్తున్నాడు.

మధ్యాహ్నం డిపో మేనేజరు పిలిచాడు. మంచి మనిషే. ఎదురుగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మెల్లగా చెప్పాడు.

"ఇది మూడో కంప్లయింటమ్మా. ఈసారి పైదాకా వెళ్లింది. నీ డ్రైవింగు మీద నాకు మచ్చుకైనా అనుమానం లేదు. కానీ నీకేమైందో డాక్టరు కాగితం మీద రాసిచ్చేదాకా నీకు స్టీరింగు ఇవ్వలేను. అప్పటిదాకా పాసులిచ్చే కౌంటర్లో కూర్చో."

ఆ సాయంత్రం సంగతి విని భర్త ఒకటే మాటన్నాడు. "పోనీలే, కౌంటరైతే హాయి. నీ ఒంటికి ఆ బస్సు పడట్లేదు." అత్తగారు కొడుకు వంక ఉరిమి చూసింది. మర్నాడు తనే కోడల్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

డాక్టరు నెమ్మదస్తుడు. తొందరపడకుండా అన్నీ అడిగాడు. బరువు తగ్గారా, రక్తం పడుతోందా, నిద్రలోంచి లేపేంత నొప్పి వస్తుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. పొట్ట నొక్కి చూశాడు. రక్తపరీక్షలు రాశాడు. ఆఖర్న, "పాలు తాగుతారా?" అన్నాడు.

కోడలు నోరు తెరిచే లోపే అత్తగారు అందుకుంది. "రోజూ నేనే ఇస్తానండి. పొద్దున్నే, చిక్కటి పాలు, గ్లాసు నిండా."

"కొంతమందికి పెద్దయ్యాక పాలు పడవమ్మా. అదే అని ఇప్పుడే అనట్లేదు. రెండు వారాలు ఏమీ మార్చకుండా, ఏం తిన్నారో, ఏం తాగారో, తర్వాత కడుపు ఎలా ఉందో టైముతో సహా రాసి తీసుకురండి. ఎవరు రాస్తారు?"

"నేను రాస్తాను. ఇరవై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని. నా చేతిలో అక్షరం తప్పు పోదు" అంది అత్తగారు.

ఇంటికొస్తూ దారిలోనే ఆవిడ ఓ నోటుపుస్తకం కొంది. మర్నాడు పొద్దున్న మొదటి వరుస రాసింది: "5.10. పాలు, ఒక గ్లాసు. పూర్తిగా తాగింది."

ఆ పుస్తకంలో ఉన్న లోపం ఇంట్లో ఒక్కరికే తెలుసు. రెండేళ్లుగా కోడలు దొంగతనంగా చేస్తున్న పని ఒకటుంది. అత్తగారు పేపరు తేవడానికి గేటు దాకా వెళ్లిన రోజునో, ఫోను మోగి ముందు గదిలోకి నడిచిన రోజునో గ్లాసు చప్పున సింకులో వంపేసి, పంపు తిప్పేసి, ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడేది. పాలు తాగని రోజు కడుపు ప్రశాంతంగా ఉంటుందని ఆమెకి ఎప్పుడో అనుమానం వచ్చింది. కానీ ఆ మాట పైకి అనాలంటే నాలుక లేచేది కాదు. తన కోసం పన్నెండేళ్లుగా అయిదింటికి లేస్తున్న మనిషితో, మీరిచ్చేదే నా ప్రాణం తీస్తోంది అని ఏ నోటితో అంటుంది? డాక్టరు పాల మాట ఎత్తాక చెప్పేద్దామనే అనుకుంది. పుస్తకం మీద అట్ట వేస్తూ అత్తగారు పడుతున్న ఉత్సాహం చూసి, రేపు చెబుదాంలే అనుకుంది. రేపు కాస్తా రెండు వారాలయింది. ఆ పద్నాలుగు రోజుల్లో ఆరు రోజులు పాలు సింకులోకే పోయాయి. పుస్తకంలో మాత్రం పద్నాలుగు రోజులూ "పూర్తిగా తాగింది" అనే ఉంది.

డాక్టరు పుస్తకం తిరగేసి మెచ్చుకున్నాడు. తర్వాత కనుబొమలు ముడేశాడు.

"రక్తపరీక్షలు బాగున్నాయి. నేను పాల మీద అనుమానపడ్డాను గానీ, రోజూ అవే పాలు, అంతే తాగుతున్నారు. ఎనిమిది రోజులు బాధ ఉంది, ఆరు రోజులు అసలేమీ లేదు. పాలే కారణమైతే ఇలా ఉండకూడదే!"

"నేనప్పుడే అనుకున్నానండీ, పాలు కాదని" అంది అత్తగారు, గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టు.

"అయితే పేగుల్లోకి గొట్టం వేసి చూడాలి. అందులోనూ ఏమీ లేకపోతే ఇది కంగారు వల్ల వచ్చే కడుపునొప్పి అనుకోవాలి. దానికి ఇచ్చే మాత్రలు కాస్త మత్తుగా ఉంటాయి. అవి వేసుకుంటూ బస్సు నడపకూడదు. ఫిట్‌నెస్ కాగితం ఇప్పుడే ఇవ్వలేనమ్మా."

కోడలు తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. ఆ గదిలోనైనా చెప్పాల్సింది. చెప్పలేకపోయింది.

సాయంత్రం భర్త పని నుంచి వస్తూనే, డిపోలో కోడలికి ఇచ్చిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కౌంటరు ఉద్యోగానికి శాశ్వతంగా మారడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం అది. రేపటితో గడువు.

"పెట్టేసెయ్. గొట్టాలూ మాత్రలూ ఇవన్నీ ఎందుకు?" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యరా" అంది అత్తగారు. "పన్నెండేళ్లు నడిపింది. ఒక్కరికీ గీత పడలేదు. ఇప్పుడు కిటికీ వెనక కూర్చుని పాసుల మీద ముద్రలు గుద్దాలా?"

"మరి ఏం చెయ్యమంటావమ్మా? డాక్టరే అన్నాడుగా, కంగారు వల్ల అని! కంగారు ఎందుకొస్తుంది? బస్సు వల్ల. దాని మొహం చూశావా? పొద్దున బయటికెళ్లేటప్పుడే భయం భయంగా ఉంటుంది."

"దానికి భయమేంట్రా! ఏమే అమ్మడూ, నువ్వే చెప్పు. నీకు బస్సంటే భయమా?"

ఇద్దరూ ఆమె వంక తిరిగారు. కోడలు పెన్ను అందుకుంది. సంతకం చేయాల్సిన గీత దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నాకు బస్సంటే భయం లేదు" అంది. "ఆ పుస్తకంలో ఆరు రోజులు అబద్ధం అత్తయ్యా. ఆ పాలు నేను తాగలేదు."

"తాగలేదా? నేను రాశానుగా!"

"మీరు ఖాళీ గ్లాసు చూసి రాశారు. నేను సింకులో పోసేశాను."

అత్తగారు కుర్చీలో కూలబడింది.

"ఆ ఆరు రోజులేనా?" అంది.

"కాదు. రెండేళ్లుగా. మీరు అటు తిరిగినప్పుడల్లా."

అత్తగారు కుర్చీలోంచి లేచి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు. అదే కోడలికి ఎక్కువ గుచ్చుకుంది.

"ఎంత పని చేశావ్!" అన్నాడు భర్త నెమ్మదిగా. "ఒక్క మాట నాతోనైనా అనొచ్చుగా."

"అంటే మీరు ఆవిడతో అనేసేవారు. ఆవిడ ఇవ్వడం మానేసేది."

"మానేస్తే నీకు మంచిదేగా?"

"పాలు మానేస్తే మంచిదే. నా కోసం లేవడం కూడా మానేస్తే?"

కోడలు వెళ్లి అత్తగారి తలుపు ముందు నేల మీద కూర్చుంది. ఆమెకి ఉపన్యాసాలు చేతకావు. తలుపుతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అత్తయ్యా, హాస్టల్లో నేను లేచానో లేదో చూసేవాళ్లు ఎవరూ లేరు. తిన్నావా అని అడిగిన మొదటి మనిషి మీరే. ఆ గ్లాసు కాదంటే మిమ్మల్ని కాదన్నట్టవుతుందని భయపడ్డాను. కడుపునొప్పి ఓర్చుకోగలను. మీరు చిన్నబోతే నేను ఓర్చుకోలేను. అంతే. ఇంకేం లేదు."

కొంతసేపటికి గడియ తీసిన శబ్దం. అత్తగారి చేతిలో ఆ నోటుపుస్తకం, ఎర్ర పెన్ను ఉన్నాయి. కళ్లు వాచి ఉన్నాయి గానీ గొంతు మాత్రం అచ్చాఫీసు గొంతులాగే ఉంది.

"లే. బల్ల దగ్గరికి రా. ఏయే రోజులో చెప్పు."

"అత్తయ్యా..."

"అచ్చుతప్పులున్న పుస్తకం డాక్టరుకి చూపించి వచ్చాను. నా జీవితంలో ఇలా జరగలేదు. చెప్పు. మొదటి వారం?"

"బుధవారం. మీకు ఫోనొచ్చింది."

అత్తగారు బుధవారం పక్కన "పూర్తిగా తాగింది" అన్న మాటని కొట్టేసి, "తాగలేదు" అని రాసింది. అదే వరుస చివర నల్ల సిరాతో అంతకు ముందే రాసి ఉంది: "నొప్పి లేదు." ఆవిడ పేజీ తిప్పింది. శుక్రవారం. తాగలేదు. నొప్పి లేదు. ఆదివారం. తాగలేదు. నొప్పి లేదు. ఆరో దిద్దుబాటు అయ్యాక కొట్టివేయని వరుసలన్నీ మొదట్నుంచి వేలు పెట్టి చదివింది. తాగింది, నొప్పి. తాగింది, విరేచనాలు నాలుగు. తాగింది, నొప్పి. ఎనిమిది రోజులు. ఒక్కటి కూడా తప్పలేదు.

పెన్ను కింద పెట్టేసింది.

"ఈ ఎనిమిది రోజులూ నిలబడి మరీ తాగించానే" అంది. "అయిదేళ్లు... అమ్మడూ, అయిదేళ్లు నా చేత్తో..."

"మీ చేతిదేం తప్పు అత్తయ్యా? పాలది."

"ఇంకో అరగ్లాసు పోస్తానన్నాను కూడా!" అంటూ ఆవిడ కోడలి తల గుండెలకి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకు బల్ల దగ్గరికి వచ్చి, సంతకం కోసం పరిచిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచేశాడు.

"నన్ను క్షమించు" అన్నాడు భార్యతో. "నీకు భయం అనుకుని నేనే భయపడ్డాను."

మర్నాడు ఎర్రసిరా దిద్దుబాట్లు చూసి డాక్టరు పకపకా నవ్వాడు. "చాలామంది ఇంతేనమ్మా. పేషెంట్లు నాకు నిజమే చెబుతారు, ఇంట్లోవాళ్లు పక్కన లేకపోతేనే." తర్వాత ఇద్దరికీ అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. పాలలో ఒక రకం చక్కెర ఉంటుంది. దాన్ని లాక్టోజ్ అంటారు. దాన్ని అరిగించే రసం చిన్నప్పుడు కడుపులో పుష్కలంగా ఊరుతుంది. చాలామందికి పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులో పులిసి గాలిగా మారుతుంది. ఆ ఉబ్బరం, నొప్పి, విరేచనాలు అన్నీ అందువల్లే. ఇది ప్రాణాంతకం కాదు, అంటుకునేదీ కాదు, పాలు ఇచ్చినవాళ్ల తప్పు అంతకన్నా కాదు. ఆ ఆఖరి మాట అత్తగారి వైపు తిరిగి చెప్పాడు.

"డిపోవాళ్లకి గట్టి ఆధారం కావాలి కాబట్టి ఊపిరి పరీక్ష ఒకటి చేద్దాం."

ఆ పరీక్షకి ముందురోజు రాత్రి నుంచీ ఏమీ తినకూడదు. పొద్దున్నే గొట్టంలోకి ఒకసారి ఊదించి, ఆ చక్కెర కలిపిన నీళ్లు ఒక గ్లాసుడు తాగించారు. ఇక మూడు గంటల పాటు అరగంటకోసారి ఊదుతూ వరండాలో బల్ల మీద కూర్చోవాలి. అత్తగారు పక్కనే కూర్చుంది. మొదటి గంట బానే గడిచింది. తర్వాత లోపల చప్పుళ్లు మొదలయ్యాయి. కోడలు అలవాటు కొద్దీ పెదవులు బిగించి, గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ కూర్చుంది.

"ఎలా ఉంది?" అంది అత్తగారు.

"బానే ఉంద..." అనబోయి ఆగిపోయింది కోడలు. "నొప్పిగా ఉందత్తయ్యా. చాలా నొప్పిగా ఉంది."

అలా అనగానే ఆమె కళ్లు నిండిపోయాయి. అయిదేళ్లలో, నొప్పి పుడుతుండగానే ఆ మాట ఇంకొకరితో అనడం అదే మొదటిసారి. అత్తగారు వీపు మీద చెయ్యేసి గుండ్రంగా రాస్తూ కూర్చుంది. కోడలు బాత్రూంకి పరిగెత్తినప్పుడల్లా సంచీ పట్టుకుని తలుపు బయట కాపలా నిలబడింది. "లోపల మా అమ్మాయుంది, కాస్త ఆగండి" అని వచ్చినవాళ్లకల్లా చెప్పింది.

ఫలితం డాక్టరు అనుకున్నట్టే వచ్చింది. పాలు మానేస్తే చాలు, మందులు అక్కర్లేదు, బస్సు నిశ్చింతగా నడపొచ్చు అని రాసి సంతకం పెట్టాడు. గట్టి పెరుగు కొంచెం కొంచెంగా తిని చూడమన్నాడు. బిస్కెట్లలోనూ కేకుల్లోనూ దాక్కున్న పాలతో జాగ్రత్త అన్నాడు. ఆ మాట అత్తగారికి కొత్త ఉద్యోగం ఇచ్చినట్టయింది. భూతద్దం పట్టుకుని దుకాణంలో ప్రతి పొట్లం వెనకా ఉన్న సన్నక్షరాలు చదవడం మొదలెట్టింది. "ఇందులో పాలపొడి ఉంది, తియ్యి" అని ముక్కూమొహం తెలియనివాళ్ల బుట్టల్లోంచి కూడా పొట్లాలు తీయించబోతే, కొడుకు ఆవిణ్ణి బతిమాలి బయటికి తీసుకొచ్చాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక్క రోజు కూడా కడుపు నొప్పి రాలేదు. డిపో మేనేజరు కాగితం చదివి, లేచి నిలబడి బస్సు తాళం చేతికిచ్చాడు.

"ఇన్నాళ్లూ ఈ నొప్పితోనే నడిపావా తల్లీ?" అన్నాడు.

"ఇంట్లో నన్ను నిలబెట్టేవాళ్లు ఉన్నారు సార్" అంది ఆమె.

ఆ తర్వాతి ఆదివారం అత్తగారు పద్నాలుగో నెంబరు బస్సెక్కింది. పన్నెండేళ్లలో కోడలు నడిపే బస్సు ఎక్కడం ఆవిడకి అదే మొదలు. డ్రైవరు వెనక సీట్లో నిటారుగా కూర్చుని, ఎక్కిన ప్రతివాళ్లకీ "మా కోడలే" అని చెబుతూ చివరి స్టాపు దాకా వెళ్లింది. అక్కడ అందరూ దిగిపోయాక కోడలు ఇంజను ఆపి వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారు సంచీలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. కూరముక్కలు పెట్టిన రొట్టెలు.

"ఇందులో ఏం వేశారత్తయ్యా?"

"అడుగు, అలా అడుగు! నూనె, ఉప్పు, కారం. పాల చుక్క లేదు."

కోడలు ఒక ముక్క కొరికి, నమిలి, కాస్త తటపటాయించింది.

"ఏమే?"

"ఉప్పెక్కువైందత్తయ్యా."

అత్తగారు ఆమె వంక నోరు తెరుచుకుని చూసింది. తనూ ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నిజమే, ఉప్పు కషాయం. ఆవిడకి నవ్వాగలేదు. సీటు మీద వెనక్కి వాలి, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది.

"పెళ్లయిన పదమూడేళ్లకి నా వంటకి మొదటి వంక పెట్టావు! ఇన్నాళ్లూ ఏం పెట్టినా బాగుంది, బాగుంది అంటుంటే ఇంట్లో చుట్టమొకతె ఉన్నట్టుండేదే" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇవాళ్టికి మా ఇంటిపిల్లవయ్యావు."

కోడలు ఆవిడ భుజం మీద తల వాల్చి, ఆ ఉప్పు రొట్టె మొత్తం తినేసింది.